రొట్టెల భట్టి మీద లక్క సీళ్ళు

మా మేనకోడలు సువార్త పరీక్ష కాగితాల కట్ట విప్పి చూసిందని రాసి, ఆమెను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. అది అబద్ధం. అబద్ధమని నేను వేసవి నుంచి అర్జీలు రాస్తున్నాను. ఒక్కదానికీ జవాబు లేదు. డిసెంబరులో విచారణ పెట్టారనీ, తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారనీ సువార్త ఉత్తరం రాసింది. ఇక కాగితాలతో పని జరగదని నేనే సికింద్రాబాదు బయలుదేరాను. ఈ వయసులో, ఈ చలిలో ఎందుకండీ అన్నవాళ్ళున్నారు. చలి సంగతి తర్వాత చెబుతాను. అది నాకు చేసిన ద్రోహం చిన్నది కాదు.

నరసాపురంలో బండెక్కి

సువార్త నా చెల్లెలి కూతురు. పెళ్ళయి సికింద్రాబాదు వెళ్ళి, మెట్టుగూడ దగ్గర ఒక బళ్ళో లెక్కల టీచరుగా చేరింది. పదో తరగతి పరీక్షలకు ఆ బడి ఒక కేంద్రం. ప్రశ్నపత్రాల కట్టలుండే ఇనప బీరువా ఆమెకు అప్పజెప్పారు. ఒక్కో కట్టనూ కోరాగుడ్డలో పెట్టి కుట్టి, కుట్టు మీద నాలుగు చోట్ల ఎర్ర లక్క కరగబోసి ఇత్తడి ముద్ర వేస్తారు. ఏ రోజు కట్ట ఆ రోజు అందరి ఎదుటా విప్పాలి. ఆఖరి రోజు కట్ట అన్నిటికీ అడుగున ఉంది. దాన్ని పైకి తీసేసరికి, దిబ్బరొట్టెల్లా ఉండాల్సిన సీళ్ళు అట్లయి కూర్చున్నాయి. ముద్రలో అక్షరాలు అలుక్కుపోయాయి. తనిఖీకి వచ్చినాయన చూశాడు. కొవ్వొత్తి సెగ పెట్టి సీలు లేపారు, పత్రం చూసి మళ్ళీ వేలితో నొక్కేశారు అని అక్కడికక్కడే రాసిపారేశాడు. ఆ బీరువా ఉన్నది రేకుల గదిలో అని రాయలేదు. అది ఏప్రిల్ అని రాయలేదు. ఆ కట్ట నెత్తిన మిగతా కట్టలు రోజుల తరబడి కూర్చున్నాయనీ రాయలేదు.

నేను బళ్ళో చదివింది ఐదో తరగతి. మిగతా చదువంతా ఊరి గ్రంథాలయంలో నాకు నేను చెప్పుకున్నదే. కానీ లక్క గురించి నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. లేసు ఎగుమతి చేసే కొట్టులో పార్సిళ్ళు కట్టి ముసలివాణ్ణయ్యాను. మా ఆడవాళ్ళు అల్లిన లేసు నేను వేసిన సీలుతోనే సముద్రాలు దాటేది. సీలు లక్క అంటే ఒట్టి లక్క కాదు. లక్కనూ గుగ్గిలాన్నీ కరిగించి, అందులో సుద్దపొడీ ఎర్రరంగు పొడీ కలిపి కడ్డీలు పోస్తారు. ఆ పొడి రాయితో సమానం, దానికి ఎండా వానా తెలియవు. దాన్ని పట్టుకున్న జిగురుకే ఉన్నాయి రోషాలన్నీ. వేసవిలో గోదాములో అడుగు వరస పార్సిళ్ళ సీళ్ళు అణిగిపోవడం నేను ఏటా చూసినదే. ఒకసారి దొర ఒకాయన వాటిని చూసి నాకు దొంగతనం అంటగట్టబోయాడు. మా యజమాని ఆయన్ని గోదాము రేకు మీద చెయ్యి పెట్టి చూడమన్నాడు. దొర పెట్టాడు, చటుక్కున తీశాడు, అంతటితో ఆ మాట పోయింది. నాకు అంత తేలిగ్గా దొరికిన న్యాయం సువార్తకు ఎందుకు దొరకదు? ఆ కోపమే నన్ను బండెక్కించింది.

సంచిలో నేను సీళ్ళు వేసిన గుడ్డ పొట్లం ఒకటి పెట్టుకున్నాను. దాన్ని తల కింద పెట్టుకుని వాలితే, ఎదుటి బల్ల మీది పాలకొల్లు కొబ్బరికాయల వ్యాపారి ఊరుకోలేదు.

"బంగారమాండి బాబాయిగారూ?"

"కాదండి. లక్క."

"లక్కకి ఇంత కాపలా ఏంటండీ బాబూ!"

"ఇది సాక్ష్యమండి."

సాక్ష్యం అనేసరికి ఆయన తన పెట్టెను కొంచెం అవతలికి జరుపుకున్నాడు. తెల్లవారి దిగేదాకా దాని మీద చెయ్యి తీయలేదు.

మెట్టుగూడ

డిసెంబరులో మాకు ఒక్క కండువా చాలు. ఇక్కడ పొద్దున్నే కుళాయి కింద చెయ్యి పెడితే వేళ్ళు నావి కావనిపించింది. సువార్త తలుపు తీసి, "మావయ్యా, స్వెట్టరేది?" అంది. నాకసలు స్వెట్టరే లేదు. వాళ్ళాయన రైల్వేలో పని, ఆ వారమంతా కాజీపేటలో డ్యూటీ. ఆయన స్వెట్టరు తొడిగింది. చేతులు నా వేళ్ళు దాటి వేలాడాయి.

ఇక్కడివాళ్ళు పొద్దున్నే ఖిచిడీ తింటారు. పక్కన ఖట్టా అని నువ్వులూ చింతపండూ కలిపిన పులుసు. పెసరట్టు తినాల్సిన వేళ అన్నం ఏమిటని ముందు చిరాకుపడ్డాను గానీ, రెండోసారి పెట్టించుకున్నాను. వీధి చివర ఇరానీ హోటల్లో చాయ్ ముప్పావలా. పాలు ఎంతసేపు మరిగిస్తారో, మీగడలో చక్కెర వేసి తాగినట్టుంటుంది. సగం కప్పు చాలనుకుంటే సగమే అడగవచ్చు, ఇద్దరు పంచుకుంటే ఎవరూ తప్పుపట్టరు. మా ఊళ్ళో కాఫీ హోటలువాడు అలా అడిగితే మొహం చూస్తాడు.

సువార్త చిక్కిపోయింది. ఏమమ్మా తినడం లేదా అంటే నా కంచంలో ఇంకో గరిటె వేసింది. తర్వాత తనే చెప్పింది. "పాలబ్బాయి కూడా టీచరమ్మా అనడం మానేశాడు మావయ్యా. ఒట్టి అమ్మా అంటున్నాడు."

పరీక్షల ఆఫీసు

ఆ ఆఫీసు పేరు రాయను. రాతి గోడల పాత బంగళా, ఎండ తగలని వైపు గది. విచారణ చేసే అధికారి ఒక ఆవిడ. ఇదివరకు కాలేజీలో ఫిజిక్సు చెప్పేవారట. శాలువా కప్పుకుని కూర్చున్నారు. పక్కన నర్సింగరావని గుమాస్తా, చేతిలో చాయ్ గ్లాసు. బల్ల మీద ఆ కట్ట గుడ్డ, సీళ్ళతో సహా. దాన్ని చూడగానే నాకు ఒళ్ళు మండింది. ఈ ముక్క కోసమా ఒక మనిషిని వీధిలో తల ఎత్తుకోకుండా చేశారు?

చెప్పాల్సింది చెప్పి, నా పొట్లం తీశాను. మా అరుగు మీద ఎండలో పెట్టి బొటనవేలితో నొక్కితే ఇలాంటి సీలే మైనంలా అణిగింది. ఎన్నిసార్లు చేసి చూసుకున్నానో. "చూడండమ్మా, సెగ అక్కర్లేదు" అని వేలు పెట్టి నొక్కాను. కదల్లేదు. ఇంకా గట్టిగా నొక్కాను. రాయి. అరచేతి మొదలుతో ఒక్క గుద్దు గుద్దాను. పటుక్కుమని పగిలి ముక్కలు ఎగిరాయి.

"అయ్యో పెద్దాయనా, మీ సాక్ష్యం నా చాయ్‌ల పడ్డది!" అన్నాడు నర్సింగరావు, గ్లాసులోకి చూస్తూ.

నా చిన్నప్పటి నుంచి లక్కను ఎండలోనే ఎరుగుదును. చలిలో అది ఏం చేస్తుందో ఆలోచించనైనా లేదు. సువార్త తల వంచుకుంది.

ఆవిడ మాత్రం నవ్వలేదు. ఒక ముక్క తీసి అంచు చూశారు. "మీరెంతసేపు నొక్కిన్రు?"

"క్షణమమ్మా."

"బీరువాల కట్టలు ఎన్ని రోజులున్నయి? వేడి ఒక్కటే కాదు గదా. ఎంత మెల్లగ బరువు పడ్డదన్నది సుత చూడాలె. వేడి మీద దెబ్బ కొడితే ఏమైతది? చలిల బరువు పెట్టి వదిలేస్తే ఏమైతది? అవన్ని చేసి తీస్కరాండి, సోమవారం చూస్తా. ఊకె మాటలు నేను రాసుకోలేను. నర్సింగరావ్, ఏప్రిల్‌ల వాడిన లక్క కడ్డీలు మిగిలినయా? ఈయనకు రెండియ్యి. ఆయన ఊరి లక్క నాకొద్దు."

ఇన్ని నెలల్లో నన్ను ఒక ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. అందుకు మాత్రం దండం పెట్టాను.

వరండాలో కడ్డీలిస్తూ నర్సింగరావు గొంతు తగ్గించాడు. "ఎందుకీ తక్లీఫ్ పెద్దాయనా? డౌట్ మీద వదిలేయమని రాసియ్యిన్రి. నౌకరీ వస్తది, జీతం వస్తది."

"డౌటంటే?"

"అంటే, చేసిందో లేదో తెల్వది అని."

"తెలియకపోవడమేమిటయ్యా? నాకు తెలుసు!"

"మీకు తెలిస్తే ఏమైతది? ఫైలుకు తెల్వాలె."

బస్సులో సువార్త కిటికీ వైపు చూస్తూ అంది. "ఒప్పేసుకుందాం మావయ్యా. నాకు ఓపిక లేదు." నేను జవాబు చెబితే బస్సంతా వినేది.

మోండా

మర్నాడు శనివారం మోండా మార్కెట్టుకు వెళ్ళాను. వంకాయలు మా ఊరి ధరకు రెట్టింపు, అల్లం మాత్రం చవక. జనం ఎంత ఒత్తిడిగా ఉన్నా ఎవరి దారి వాళ్ళు చేసుకుంటారు. 'జెర జరుగు' అని భుజం మీద చెయ్యి వేసి పక్కకు పెట్టేస్తారు, అందులో కోపం ఉండదు. కోరాగుడ్డ నాలుగు గజాలు కావాలన్నాను. కొట్టు సాయిబు నన్నూ నా తెల్ల జుట్టునూ చూసి, గజంబద్ద కింద పెట్టి, మెల్లగా అడిగాడు. "ఎవలన్న పోయిన్రా పెద్దాయనా?"

"ఇంకా లేదు నాయనా. ఒక మనిషి పరువు పోగొట్టాలని చూస్తున్నారు, దానికి అడ్డం కప్పడానికి."

అతనికి ఏం అర్థమయిందో గానీ, బద్ద దాటించి ఇంకో జానెడు కోసి ఇచ్చాడు.

ఇంటికొచ్చి కట్టలు కుట్టి, లక్క కరగబోసి, రాగి కాసుతో ముద్రలు వేశాను. ఒక కట్టను చల్లటి వెనక గదిలో పెట్టి, దాని మీద ఇంకో కట్ట వేసి, పైన రుబ్బురోలు పొత్రం ఎక్కించాను. అక్కడికి చలి లెక్క అయింది. మరి ఏప్రిల్ ఎండ డిసెంబరులో ఎక్కడ దొరుకుతుంది? కిరసనాయిలు స్టవ్ పక్కన ఒక కట్ట పెట్టాను. సీళ్ళు నెత్తురు కారినట్టు కారి సువార్త వంటగది గట్టంతా అంటుకున్నాయి. ఎంత గీకినా పోలేదు. "చాలు మావయ్యా" అంది సువార్త. "కేకు పిండి కలిపాను. బేకరీకి తోడు రండి."

సీతాఫల్‌మండి

ఇది మన వైపు లేని ఆచారం. క్రిస్మసుకు మనం అరిసెలూ లడ్డూలూ చేసుకుంటాం, ఎవరింటి మూకుడు వాళ్ళది. ఇక్కడ ఇంటింటా పిండి కలిపి, రేకు గిన్నెల్లో పోసి, పేరు రాసిన చీటీ అంటించి, పేట బేకరీకి మోసుకెళ్తారు. బేకరీ సాయిబు యూసుఫ్, గిన్నెకింతని పుచ్చుకుని తన భట్టిలో కాల్చి ఇస్తాడు. ఎవరి కేకు ఎంత పొంగిందో వరసలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిపోతుంది. గుడ్లు తగ్గించినవాళ్ళ గుట్టు అక్కడ బయటపడుతుంది.

వరసలో మా ముందున్నావిడ వెనక్కి తిరిగి సువార్తను చూసింది. "ఏం టీచర్, మంచిగున్నరా? ఈసారన్న పేపర్ ముందుగాల్నే చూసి మా పోరనికి జెర చెప్పున్రి. పుణ్యముంటది." ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆవిడకు అది వట్టి సరదా. సువార్త కూడా నవ్వింది, నవ్వకపోతే ఎలా? గిన్నె మాత్రం రెండు చేతులా పట్టుకుంది. కాసేపటికి నా చెవి దగ్గర అంది. "డౌటు మీద తిరిగొస్తే ఈ నవ్వు నేను రిటైరయ్యేదాకా ఉంటుంది మావయ్యా. వద్దు."

అప్పుడు నేను తల పైకెత్తి చూశాను. భట్టి నెత్తిన ఒక వెడల్పాటి రాతి పలక ఉంది, దాని మీద రస్కులు ఆరుతున్నాయి. చెయ్యి పెట్టాను. మా లేసు గోదాము. అచ్చంగా ఏప్రిల్.

"యూసుఫ్ భాయ్, దీని మీద రేపటిదాకా రెండు కట్టలు పెట్టుకోనిస్తావా?"

"ఏమున్నది గండ్ల? కేకా?"

"లక్క సీళ్ళు."

"ఏందీ! లక్క వాసన కేకులకు పట్టిందంటే ఈ అమ్మలంత నన్నే భట్టిల పెడ్తరు!"

సువార్త ముందుకొచ్చి సంగతంతా చెప్పింది, వరస వింటుండగానే. దాచలేదు. ముందున్నావిడ నవ్వు ఆపేసింది. యూసుఫ్ రస్కుల పళ్ళెం పక్కకు జరిపాడు. ఇంటికెళ్ళి సీళ్ళు వేసిన కట్టలు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పెట్టాం. అతను పైన మైదా బస్తా ఒకటి దింపాడు.

ఎంత వేడో తెలియాలి గదా. సువార్త జ్వరం చూసే థర్మామీటరు తెప్పించి పలక మీద పెట్టింది. పాదరసం ఆఖరి గీత దాకా పరిగెత్తి ఆగింది.

"నా భట్టికి జ్వరమొచ్చిందా టీచరమ్మా?" అన్నాడు యూసుఫ్.

సువార్త వినలేదు, థర్మామీటరునే చూస్తోంది. "మావయ్యా, పరీక్షలప్పుడు ఒక పిల్ల కళ్ళు తిరిగి పడింది. బీరువా గదిలో పడుకోబెట్టి జ్వరం చూద్దామని ఇది బయటికి తీశాను. దాని నోట్లో పెట్టకముందే ఇలాగే చివరిదాకా ఎక్కేసింది. ఆ గది ఇంత వేడి."

ఆదివారం గుడి నుంచి తిన్నగా బేకరీకే వెళ్ళాం. బస్తా దించాం. రెండు కట్టలూ అంటుకుపోయాయి. నేను గుంజబోతే యూసుఫ్ కేక వేశాడు. "గుంజకు పెద్దాయనా! ట్రేకు అంటుకున్న బిస్కెట్‌ను సుత సల్లారనిస్తం." కిటికీ దగ్గర చల్లార్చి, బల్ల అంచుకు టక్కున ఒక్కటి తట్టాం. విడిపోయాయి. కింది కట్ట సీళ్ళు అట్లలా పరుచుకున్నాయి, ఒక్క బీట లేదు. వాటి ముఖం మీద పై గుడ్డ నేత గళ్ళు గళ్ళుగా పడింది. ఇంకో సీలును పలక మీదే వేడెక్కించి ఇనప గుండుతో ఒక్క దెబ్బ కొట్టాను. అంత వేడిలోనూ అది అంచున పెచ్చులుగా లేచింది. ఆ అధికారి అడిగింది అదే. లక్కకు వేడి ఒక్కటే చాలదు, తీరిక కూడా కావాలి.

"మావయ్యా, ఇటు చూడండి." సువార్త పై కట్టను తిరగేసి పట్టుకుంది. దాని అడుగున ఎర్రటి మరకలు, సీలుకొకటి. "మా బీరువాలో పై కట్ట గుడ్డకు కూడా ఇవి ఉండాలి కదా?"

నేను లక్కతో జీవితం గడిపాను. ఆ మాట నాకు తట్టలేదు.

మళ్ళీ ఆఫీసు

సోమవారం కట్టలన్నీ బల్ల మీద పరిచాం. చలి గదిలో పొత్రం కింద ఉన్న సీలు మీద కాసు బొమ్మ ముక్కుతో సహా నిలిచి ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ తడిమి చూశారు. భూతద్దం తెప్పించుకుని పాత సీళ్ళ మీద పెట్టారు.

"నేత కనవడుతున్నది. కొంచెం," అన్నారు. "వేలితోని నొక్కితే నేత రాదు. గని ఇంత మసకగున్నదాన్ని నేను ఫైల్‌ల రాస్తే పైవాళ్ళు నిలవనియ్యరు. మీరు చెప్పిన మరక కావాలె. నర్సింగరావ్, ఆ బీరువా కట్టల గుడ్డలు యాడున్నయి?"

"స్టోర్ల ఉండాలె మేడం. ఎలుకలు ఉంచితే."

ఆవిడ భూతద్దం కింద పెట్టి సువార్త వైపు తిరిగారు. "చూడండి టీచర్. ఇప్పుడు సరే అంటే డౌట్ మీద ఇయ్యాలనే వదిలేస్తా. వెతికించమంటే వెతికిస్తా. పై గుడ్డ దొరికి, దాని మీద మరక లేకపోతే అప్పుడు రాసేది వేరే ఉంటది. నౌకరీ పోతది. ఆలోచించుకోండి."

ఇంత దూరం పోట్లాడుతూ వచ్చిన నేనే, నిజం చెబుతున్నాను, ఆ క్షణం సరే అందామనుకున్నాను. ఎలుకల పాలైన గుడ్డ ముక్క మీద పిల్ల బతుకు పెట్టడమా?

"వెతికించండి మేడం," అంది సువార్త.

తిరుగు బండి

ఆ సాయంత్రమే బండెక్కాను. సువార్త కేకులో సగం కోసి నా సంచిలో పెట్టింది. మన వైపు బేకరీల్లో దొరికేదాని కంటే నల్లగా, బరువుగా ఉంటుంది, చక్కెర మాడ్చి పోస్తారట. ఒక ముక్కలో లక్క వాసన వచ్చిందని నాకనిపించింది. మా ఇంట్లోవాళ్ళు అదేం లేదన్నారు.

పండగ వెళ్ళింది, కొత్త సంవత్సరం వచ్చింది. రోజూ పోస్టాఫీసు దాకా నడిచి, ఏమీ లేదనిపించుకుని వచ్చేవాణ్ణి. ఇంకో అర్జీకి కాగితం తీసి పెట్టుకున్నాను కూడా. అప్పుడు వచ్చింది జవాబు. నేను పంపిన అర్జీలన్నిటికీ ఇదొక్కటే. టైపు చేసిన కాగితం, కింద సంతకం ఆవిడదే. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మీ అర్జీల విషయమై తెలియజేయునది. స్టోరులో వెతికించగా పై కట్ట గుడ్డ లభించినది. ఒక మూల ఎలుకలు కొరికినవి. మిగిలిన భాగమున మూడు ఎర్ర లక్క మరకలున్నవి. అవి అణిగిన సీళ్ళలో మూడింటికి ఎదురెదురుగా సరిపోయినవి. నాలుగవది కొరికిన మూలకు చెందును. సదరు సీళ్ళు వేసవి వేడిమికి, పై బరువునకు దినముల తరబడి మెల్లగా అణిగినవేగాని, వానిపై ఏ మనిషి చేయియు పడలేదు. ఉత్తర్వులో సందేహము అను మాట వాడబడలేదు. టీచరుగారు వెంటనే విధులలో చేరవలెను. రాబోవు ఏప్రిల్ పరీక్షలకు ప్రశ్నపత్రముల బీరువా తిరిగి వారి వశముననే ఉండును."